పదకొండు బారలు

పోయిన వేసవి సెలవుల్లో మా నాయన్ని బండి మీద ఎక్కించుకొని బెజవాడ పోయాను, గాలం దారం కొనడానికి. బ్యారేజీ సగానికి రాగానే "ఆపరా" అన్నాడు. ఆపాను. ఎగువ వైపు రెయిలింగు పట్టుకొని కాసేపు నీళ్ళు చూశాడు. సీతానగరం వైపు చూశాడు, ఉండవల్లి కొండ వైపు చూశాడు. ఆ నీళ్ళలో పదిహేడేళ్ళు ఇసుక తోడిన మనిషి. "పద" అన్నాడు. అంతే.

కొట్లో కుర్రోడు మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి మామూలు నైలాను, ఒంటి పోగుది. రెండోది ఫ్లోరోకార్బన్ అంటారు, చూడ్డానికి నైలానులాగే ఉంటది గానీ ధర మూడింతలు. మూడోది సన్న పోగులు జడల్లినట్టు అల్లింది, బ్రెయిడ్. నాయన మూడిట్నీ ముట్టుకున్నాడు. నైలాను కొస తీసి నాలిక మీద తడిపాడు. గోటి మీద నుంచి లాగి చూశాడు. పంటితో నొక్కాడు. కుర్రోడు నవ్వాడు.

"పెద్దాయనా, ఎన్ని కిలోలు మోసేదీ డబ్బా మీద రాసుంటది."

"తడిస్తే ఎన్ని మోసిద్దో రాశారా బాబూ?"

కుర్రోడు డబ్బా అటూ ఇటూ తిప్పాడు. రాసి లేదు.

నేను పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో కృత్రిమ దారాల పాఠం చెప్పేటప్పుడు నైలాను గురించి చెబుతాను. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో కరోథర్స్ అనే ఆయన బృందం తయారుచేసిందనీ, 1938లో లోకానికి చూపించారనీ, అమ్మింది ముందు పళ్ళకుంచెలకనీ, ఆడవాళ్ళ మేజోళ్ళకనీ. మా పల్లెకి ఆ దారం రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. నైలాను నీళ్ళు పీలుస్తుందనీ, పీల్చాక బలం తగ్గుతుందనీ నేను పుస్తకంలో చదివాను. మా నాయనకి అది నాలిక మీద తెలుసు. ఒకటో తరగతి గడప కూడా తొక్కని మనిషి.

ఒక ఏడాది ఈ సంగతి తరగతిలో చేసి చూపించాను. కిటికీ ఊచకి దారం కట్టి కింద బకెట్టు వేలాడదీసి చెంబు చెంబుగా నీళ్ళు పోయమన్నాను. పొడి నైలాను పన్నెండో చెంబుకి తెగింది. రాత్రంతా నానబెట్టిన నైలాను పదకొండో చెంబుకే తెగింది. మంగళగిరి మగ్గాల నుంచి తెచ్చిన నూలు పోగులు నాలుగు కలిపి పేనితే అది తిరగబడింది. పొడిది ఆరో చెంబుకి తెగితే తడిసింది ఏడో చెంబు దాకా ఆగింది. పిల్లలు గోల గోల చేశారు. పత్తి తడిస్తే గట్టిపడుతుందని వాళ్ళు నమ్మలేదు. ఇంత పత్తి పండే నేల మీద పుట్టి కూడా.

"మీ ఇళ్ళల్లో గాలం వేసేవాళ్ళు ఎంతమందిరా?" అనడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. బెల్లు కొట్టాక ముగ్గురు మగపిల్లలు నా వెనక వరండా చివరి దాకా వచ్చి, చుట్టూ చూసి, "మా నాయన వేస్తాడు సార్" అని చెప్పారు. ముగ్గురిదీ పల్లే. ఊళ్ళో అని రాయలేదు, పల్లె అని రాశాను. చదివేవాళ్ళకి తేడా తెలుసు.

మా తాత కాలంలో దారం నూలుదే. మా తాత ముతక గుడ్డ నేసేవాడు. మాలలు మగ్గం నేసేవాళ్ళంటే ఇప్పుడు మంగళగిరిలోనే చాలామంది నమ్మరు. మంగళగిరి చీరంటే ఎనభయ్యో నంబరు నూలు, నిజాం అంచు, 2013లో వచ్చిన జీఐ గుర్తింపు, ఇవే మాట్లాడతారు. మా తాత నేసింది కూలోళ్ళు కట్టుకునే గుడ్డ, కప్పుకునే దుప్పటి. మిల్లు గుడ్డ వచ్చాక ఆ గుంట మగ్గం పూడ్చేశారు. ఆ గుంట మీద ఇప్పుడు మా వంటిల్లుంది.

ఆయన గాలం దారం ఎట్టా చేసేవాడో నాయన చెప్పాడు. మగ్గం మీద మిగిలిన పోగులు పన్నెండు కలిపి తొడ మీద పేనేవాడు. మూడు పేటలు మళ్ళీ ఎదురు పురి పెట్టి కలిపేవాడు. నూలు తడిస్తే గట్టిదే గానీ నీళ్ళలో నాని నాని కుళ్ళిపోద్ది. కుళ్ళకుండా ఉండాలంటే చెక్కరసం పట్టించాల. దానికి మాదిగపల్లెకి పోయి లందలో తంగేడు నీళ్ళు ముంతెడు అడిగి తెచ్చుకునేవాడంట. తోలుని ఊనబెట్టే నీళ్ళలోనే దారాన్నీ ఊనబెట్టేవాళ్ళు. రెండు రోజులకి ఎర్రబారేది, అప్పుడు నీడలో ఆరబెట్టేవాళ్ళు. మాల నూలు, మాదిగ తంగేడు కలిస్తే గానీ దారం ఏడాది ఆగేది కాదు. ఇది విన్నప్పుడు నాకు మా రెండు పల్లెల మధ్య ఈ ముప్పై ఏళ్ళలో జరిగిన మాటల యుద్ధాలన్నీ గుర్తొచ్చినయ్. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

ఇసుక పడవ సంగతికొస్తాను. అసలు దారం తెలివంతా అక్కడిదే.

బ్యారేజీకి ఎగువన నీళ్ళు ఎప్పుడూ నిలబడి ఉంటయ్. 1957లో ప్రకాశం బ్యారేజీ తయారు కాకముందు అక్కడ పాత ఆనకట్ట ఉండేది, 1855 నాటిది. ఆనకట్ట ఆపిన నీళ్ళలో ఇసుక మేట వేసుద్ది. పడవ ఏటి మధ్యకి తీసుకుపోయి, గెడ పాతి, దాన్ని పట్టుకొని మునిగి, బకెట్టుతో ఇసుక తోడి పడవలో పోయాల. చలికాలం తెల్లారుజామున నాలుగింటికి నీళ్ళలోకి దిగేవాడు నాయన. పడవ నిండితే అంచు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉండేది. అప్పుడు మెల్లగా, గడ వేసి నెట్టుకుంటా ఒడ్డుకి రావాల. మనిషి నడిచేంత వేగం. తర్వాత్తర్వాత ఇంజన్లు వచ్చినయ్ గానీ నిండు పడవకి వేగం అప్పుడూ అంతే.

ఆ తిరుగు ప్రయాణంలో పడవ వెనక దారం వదిలేవాళ్ళు. పడవ ఇసుక ఆసామిది, ఇసుక ఆసామిది, కూలి బేరం ఆసామిది. వెనక ఈడ్చుకుంటా వచ్చే ఇరవై బారల దారం మాత్రం మా నాయనది. పడవ నడుస్తుంటే నీళ్ళలో ఎర కూడా ఈదుతా వస్తది. పారిపోయే చేపని చూస్తే వాలుగకి ఆగదు. కూర్చొని ఎదురుచూసే గాలం వేరు, ఇట్టా ఈడ్చే గాలం వేరు. దేని దారం దానిదే.

ఎర అంటే బతికిన చేప కాదు. స్టీలు చెంచా. చెంచా కాడ విరిచి, బొద్దు భాగానికి రెండు వైపులా సైకిలు షాపులో బెజ్జాలు వేయించేవాడు. ఒక బెజ్జానికి గాలం, ఇంకో దానికి దారం. నీళ్ళలో లాగితే అది తళుక్కు తళుక్కుమని పొర్లాడుద్ది. మా అమ్మ ఇంట్లో చెంచాలు లెక్కపెట్టుకునేది. పొర్లే చెంచా దారాన్ని మెలిపెడుతుంది. పది సార్లు ఈడిస్తే దారమంతా ముడుచుకొని పనికిరాకుండా పోయిద్ది. దానికి తాళంచెవుల గొలుసులో గిరగిరా తిరిగే కొక్కెం ఉంటదే, దాన్ని మధ్యలో కట్టేవాడు. ఇప్పుడు అదే వస్తువుని స్వివెల్ అని పొట్లంలో పెట్టి అమ్ముతున్నారు.

దారం చివర పడవకి తిన్నగా కట్టకూడదు. వాలుగ పట్టిందంటే ఒక్క గుంజు గుంజుద్ది. పడవ ముందుకి, చేప వెనక్కి. అప్పుడు తెగని దారం లేదు. అందుకని సైకిలు ట్యూబు జానెడు ముక్క కోసి మధ్యలో పెట్టేవాడు. గుంజితే రబ్బరు సాగుద్ది, చెయ్యి వేసేంత టైము దొరుకుద్ది. నైలాను కూడా కొంత సాగుద్ది. పాత రోజుల్లో నూలు సాగేది కాదు, అందుకే తాత ఈ రకం గాలం వెయ్యలేదంటాడు నాయన.

ఇంక కింది దారం. దీని మీదే మా ఇంట్లో పోట్లాటలు. గాలానికి దగ్గరగా, బారెడో రెండు బారలో వేరే ముక్క కడతారు. దాన్నే ఇప్పుడు లీడర్ అంటున్నారు. నాయన లెక్క ఇది: పై దారం కన్నా కింది ముక్క ఒక పిసరు తక్కువ బలం ఉండాల. నీళ్ళ అడుగున మునిగిన మొద్దుకో, పాత వలకో, రాయికో గాలం తగులుకుంటే తెగక తప్పదు. తెగితే గాలం, చెంచా పోవాల గానీ ఇరవై బారల దారం పోగూడదు. గాలం రూపాయి. దారం రెండు రోజుల కూలి. "ఏది పోయినా పర్లేదో దాన్ని ముందే బలహీనంగా కట్టుకోవాలిరా" అనేవాడు.

వాలుగకి మాత్రం ఈ లెక్క చెల్లదు. వాలుగ నోరు చూసినవాళ్ళకి చెప్పక్కర్లా. కళ్ళ వెనక దాకా చీలిన నోరు, లోపల రంపం లాంటి సన్న పళ్ళ వరసలు. ఎంత లావు నైలానైనా నాలుగు రుద్దులు రుద్దితే తెగుద్ది. దానికి సైకిలు బ్రేకు తీగ. పాత బ్రేకు వైరు పురి విప్పితే లోపల సన్న ఇనప తీగలు వస్తయ్. మూడు తీగలు తీసి మళ్ళీ వదులుగా మెలిపెట్టి మూరెడు ముక్క కట్టేవాడు. ఎక్కువ పొడుగు పెడితే చెంచా ఆట పోయిద్ది. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టేవాడు. అప్పుడు మళ్ళీ ఇంకో చిక్కు. ఇనప ముక్క తెగదు కాబట్టి మొద్దుకి తగులుకుంటే దారమంతా పోయిద్ది. దానికీ ఉపాయం ఉంది. కొక్కేనికీ తీగకీ మధ్య నాలుగేళ్ళ ముక్క పాత నైలాను, కావాలనే సన్నది. పళ్ళు అందనంత ఎత్తులో, గుంజితే ముందు తెగేచోట. నేను బీఎస్సీలో పదార్థాల బలం గురించి చదివినప్పుడు ఈ నాలుగేళ్ళ ముక్కే కళ్ళ ముందు ఆడింది. ప్రొఫెసరు గారికి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. బ్రేకు తీగ, ఇసుక పడవ, మా నాయన అని మొదలుపెడితే తరగతి ఎటు తిరుగుతుందో నాకు తెలుసు.

ముడి వేసేటప్పుడు ఉమ్మి తడి చెయ్యకుండా బిగించనిచ్చేవాడు కాదు. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాను అక్కడే చచ్చుబడుతుంది. కన్నులోంచి దూర్చి, ఐదు చుట్లు తిప్పి, మొదటి చుట్టు కిందగా వెనక్కి దూర్చి, నోట్లో పెట్టి తడిపి, అప్పుడు మెల్లగా. వేటకి పోయొచ్చాక దారం మొత్తాన్ని బొటనవేలి గోటి మీద నుంచి లాగేవాడు. గోటికి గరుకు తగిలితే అక్కడికి కోసి మళ్ళీ ముడి. ఎండలో దారం వదిలేస్తే నా వీపు పగిలేది.

మా పల్లెలో సగం మంది చర్చికి పోతారు. పాస్టరు గారు ఒకసారి పొలుసులేని చేప తినకూడదని లేవీయకాండం చదివారు. వాలుగకి పొలుసుండదు. మా అమ్మ ఇంటికొచ్చి, "పొలుసున్న చేపలన్నీ చెరువు పాట పాడుకున్నోళ్ళవి. దేవుడు మనకిచ్చింది పొలుసులేనిదే" అని పులుసు పెట్టింది. నాయనకి బైబిల్లో ఒక్క ముక్కే ఇష్టం. పన్ను కట్టడానికి డబ్బుల్లేకపోతే యేసు పేతురుని సముద్రానికి పంపి గాలం వెయ్యమంటాడు, మొదటి చేప నోట్లో నాణెం దొరుకుద్దంటాడు. మత్తయి సువార్తలో ఉంది. అది చదివి వినిపించినప్పుడల్లా నాయన ఒకటే అడిగేవాడు: "ఏ దారం కట్టాడో రాశారా?"

చెరువు పాట అన్నాను గదా. అది చెప్పకుండా ఈ దారం కథ లేదు.

1998. నాకు పదేళ్ళు. మా ఊరి చెరువుని ఏటా పాట పాడుకొని బొచ్చె, శీలావతి పిల్లలు పోసుకునేవాళ్ళు. పాడుకున్నది ఎవరో, ఊరు పేరేంటో రాయను. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు గట్టు వార తూటాకుల పక్కన ఎర్రగా గుప్పెడు పిల్లల మంద కనపడింది. కొరమీను పిల్లలు. మంద కింద తల్లి కాపలా ఉంటది. ఆ ఎర్రటి మంద అటూ ఇటూ జరుగుతుంటే నాకు నిద్ర పట్టలేదు. కొరమీను ఎవరూ పోసింది కాదు. కాలవలోంచి దానంతటదే వస్తది. పాటదారులకి అది గిట్టదు కూడా, వాళ్ళు పోసిన పిల్లల్ని తినేస్తదని. ఈ న్యాయమంతా నేను ఆ రోజు మనసులో చెప్పుకున్నాను.

నాయన ఏటికి పోని రోజు చూసి, చూరులో దాచిన దారం తీశాను. కొత్త దారం. ఇరవై నాలుగు బారలు. కట్ట విప్పి పది బారలు తీసుకుంటే సరిపోయేది, నాకా ఆలోచన లేదు. మొత్తం కట్ట తీసుకుపోయాను. చిన్న కప్పని వీపుకి గుచ్చి మంద మీదుగా వేశాను. రెండోసారికే పట్టింది. నీళ్ళు తెల్లగా లేచినయ్. చేప గట్టు మీదికి వచ్చిందో లేదో కావలి మనిషి నా జుట్టు పట్టుకున్నాడు.

వెదురు కర్ర నా వీపు మీదే విరిగింది. చేపని నీళ్ళలోకి తన్నాడు, అది కూడా తినడానికి కాదు. "చెరువు మీ అబ్బదా" అన్నాడు. కులం పేరుతో తిట్టాడు. ఆ తిట్టు ఇక్కడ రాయడం నాకేం సిగ్గు కాదు, సిగ్గు పడాల్సింది నేను కాదు. కానీ నా తరగతి పిల్లలు ఇది చదువుతారు. దారం కట్ట జేబులో పెట్టుకొని పోయాడు.

ఇంటికొచ్చి ఏడుస్తా చెప్పాను. వీపు చూసి అమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. నాయన నా వీపు చూశాడు. చూసి అడిగిన మొదటి మాట: "దారం తీసుకున్నాడా?"

ఆ మాటని నేను చాలా ఏళ్ళు క్షమించలేదు.

మర్నాడు పొద్దున్నే నాయన పనికి పోలేదు. ఆసామి ఇంటికి పోయాడు. నేను వెనకాలే పోయి రోడ్డు మీద నిలబడ్డాను. నాయన చెప్పులు చేత్తో పట్టుకొని వాకిలి బయట నిలబడ్డాడు. పిల్లోణ్ణి ఎందుకు కొట్టారని అడగలేదు. "దారం ఇప్పించండయ్యా" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. లోపల్నుంచి ఎవరో నవ్వారు. దారం అప్పటికే పెరట్లో చిక్కుడు పాదుకి పందిరి కట్టేశారు. ఆ ఇంటామె బయటికొచ్చి, "విప్పుకుపో. తీగె ఒక్కటి తెగిందా, చూస్కో" అంది.

నాయన విప్పాడు. చిక్కుడు తీగె కొసలు దారానికి అప్పటికే చుట్టుకొని ఉన్నయ్. ఒక్కో కొసని గోటితో తప్పించి, పక్కన పురికొస కట్టి, దాని మీదికి తీగెని ఎక్కించి, అప్పుడు దారం ముడి విప్పేవాడు. పురికొస కూడా మా ఇంటి నుంచి తీసుకుపోయాడు. అంటే ఏం జరుగుద్దో ముందే అనుకున్నాడు. పొద్దుటి నుంచి ఎండ నడినెత్తికొచ్చే దాకా నేను రోడ్డు మీద, నాయన పందిరి కింద. కొన్నిచోట్ల దారాన్ని కొడవలితో కోసి కట్టారు. జానెడు, మూరెడు ముక్కలు. అవీ వదల్లేదు. ఒక్క ముక్కగా దొరికింది మాత్రం పదకొండు బారలు. ఇంటికొచ్చి నా ముందే చేతులు బారజాపి కొలిచాడు.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు తాగి వచ్చిన కోపంతో కాదు, మామూలుగానే అడిగాను. నన్ను కొట్టారని అడక్కుండా దారం ఎందుకడిగావు నాయనా అని. చుట్ట తీసి ఆర్పాడు.

"నిన్నెందుకు కొట్టారని అడిగితే అది తగువు. తగువైతే వాళ్ళు నలభై మంది. దారం అడిగితే అది నా వస్తువు. ఇవ్వక తప్పదు. అడగటానికి నాకు అదొక్కటే ఉందిరా."

అప్పటికి చుండూరు జరిగి ఏడేళ్ళు. 1991 ఆగస్టు 6న దళితుల్ని పొలాల్లో తరిమి తరిమి చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పడేశారు. ఎనిమిది మంది. దానికి ముందు 1985 జులైలో కారంచేడు. అదీ తాగే నీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. నాయనకి చదువుతో పని లేదు. 1991లో ఆ ఏడాదంతా మా ఇంట్లో కాలవ చేప వండలేదంట. "ఆ కాలవ వేరు, మన కాలవ వేరు గదా" అన్నాను. "నీళ్ళు ఒకటే గదా" అన్నాడు.

ఆ పదకొండు బారలకి ఇంకో తొమ్మిది బారలు వేరే దారం ముడేసి పడవ వెనక వదిలేవాడు. దానికే 2003లో పెద్ద వాలుగ పడింది. నా ఎత్తులో సగం. తాడేపల్లిలో అమ్మితే వచ్చిన డబ్బులతో ఇంటరు పుస్తకాలు, రెండు రికార్డు బుక్కులు కొన్నాను. మధ్యలో ముడి ఉన్న దారం సగం బలమే అంటారు పుస్తకాల్లో. ముడి ఎవరు వేశారన్నదాన్ని బట్టి ఉంటది.

2013లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో నాయనకి దారం కొన్నాను. తెలివితక్కువగా అన్నిట్లోకీ ఖరీదైంది, బ్రెయిడ్. సన్నంగా ఉండి ఎక్కువ మోస్తది, సాగదు, చేప ముట్టుకుంటే వెంటనే చేతికి తెలుస్తది అని రాసుంది. అవన్నీ నిజమే. కానీ ఆ గుణాలన్నీ కర్రా, చక్రమూ ఉన్నవాడికి. మా నాయన దారాన్ని చేత్తో లాగుతాడు. కాలవలో రెండు కిలోల చేప గుంజితే ఆ దారం చూపుడువేలు మడతలో ఎముక దాకా దిగింది. వదిలేశాడు. ఆయన దారం వదలడం నేను చూసింది అదొక్కసారే. చేతికి గుడ్డ చుట్టుకుంటా, "నూలులా కనపడుద్ది గానీ నూలు కాదురా. కత్తి" అన్నాడు. నన్నేమీ అనలేదు.

ఇప్పుడు ఆదివారాలు కాలవ గట్టు మీద కార్లు ఆగుతున్నయ్. గుంటూరు నుంచి, బెజవాడ నుంచి. జపాను చక్రాలు, మడత కుర్చీలు, చల్లటి డబ్బాలు. పట్టుకొని, ఫోటో తీసుకొని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. మా స్టాఫ్ రూములో కూడా ఒకాయన, "మాస్టారూ, మీకు యాంగ్లింగ్ హాబీ అంటగా, గొప్ప రిలాక్సేషనండీ" అన్నారు. మంచి మనిషే, మెచ్చుకోలుగానే అన్నారు. నా వీపు ఒక్కసారి జలదరించింది. అదే కాలవ, అదే కొరమీను. ఎప్పుడు దొంగతనం నుంచి హాబీ అయిందో ఆ తేదీ నాకెవరూ చెప్పలేదు.

ఆ కార్లవాళ్ళలో ఒకతను నాయన్ని అడిగాడు, ఇక్కడ ఏం పడతయ్ పెద్దాయనా అని. నాయన అన్నీ చెప్పాడు. ఎక్కడ లోతు, ఎక్కడ మొద్దులు, ఏ నెలలో నీళ్ళు తేరుకుంటయ్, వాలుగకి తీగ ఎంత పొడుగు. నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెప్పావు?" అన్నాను. "అడిగాడు గదరా. మర్యాదగా అడిగాడు" అన్నాడు.

బెజవాడ కొట్లో చివరికి ఏం కొన్నామంటే, పై దారం మామూలు నైలానే, 0.60 మిల్లీమీటర్లది, చేతికి పట్టు దొరికేంత లావు. ఫ్లోరోకార్బన్ గురించి నేనే చెప్పాను. నీళ్ళు పీల్చదు, మునుగుద్ది, వెలుగుని దాదాపు నీళ్ళలాగే వంచుద్ది కాబట్టి చేపకి నైలానంత తేలిగ్గా కనపడదు అని. నాయన శ్రద్ధగా విన్నాడు. "సంక్రాంతి తర్వాత నీళ్ళు తేటపడ్డప్పుడు బాగుంటది. వరద నీళ్ళలో ఎందుకు? అప్పుడు చేపకి దారం కనపడదు, మనకి చేప కనపడదు" అన్నాడు. చిన్న చుట్ట ఒకటి తీసుకున్నాం, కింది ముక్కలకి. ఇనప లీడర్లు పొట్లాల్లో చూపించాడు కుర్రోడు, ప్లాస్టిక్ పూత పూసినవి, రెండు వైపులా కొక్కేలు. నాయన వాటిని వంచి చూసి, బాగున్నయ్ అని చెప్పి, వెనక్కి ఇచ్చేశాడు. ఇంట్లో బ్రేకు వైరుంది.

డబ్బులు నేనిచ్చాను. కుర్రోడు డబ్బాని సంచిలో వెయ్యబోతుంటే నాయన ఆపాడు.

"వంద మీటర్లేనా బాబూ?"

"రాసుంది గదా పెద్దాయనా."

ఇంటికొచ్చాక వేపచెట్టు కింద కూర్చున్నాడు. డబ్బా నా చేతిలో పెట్టి పట్టుకోమన్నాడు. కొస తీసుకొని రెండు చేతులూ బారజాపాడు. ఒకటి. దారం ఒళ్ళో వేసుకున్నాడు. రెండు. మా పాప వచ్చి పక్కన కూర్చొని ఆయనతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆయన బార ఐదున్నర అడుగులు, వందకి అరవై రావాల, నేను మనసులో వేసుకున్నాను. యాభై ఎనిమిది దగ్గర డబ్బా ఖాళీ అయింది. నాయన నా వైపు చూశాడు. ఒళ్ళో ఉన్న దారాన్ని జాగ్రత్తగా నేల మీద పెట్టి, కొస వెతికి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.